కనిపెట్టుకుని ఉండమన్నారు

నవంబరు 20

మూడో పీరియడ్ మధ్యలో ప్రిన్సిపాల్ వీరభద్రయ్య గారు అటెండరును పంపి పిలిపించారు. ఆయన పిలిపించారంటే ఏదో ఒక పని తగిలించడానికే. అనుకున్నట్టే అయింది. ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకు నన్ను ఇన్‌ఛార్జిగా వేశారట. మా కాలేజీలో అలాంటి జట్టు ఒకటి ఉందని నాకు ఇవాళే తెలిసింది.

"నేను తెలుగు చెప్పుకునేదాన్ని సార్. ఆ ఆట గురించి నాకేం తెలుసు?"

"ఆట మీకెందుకు మేడం? నేర్పేదానికి పీడీ శశికాంత్ ఉండాడు. ఆయప్పేమో వయసులో ఉన్నోడు. వీళ్లేమో వయసులో ఉన్న పిల్లోళ్లు. మ్యాచ్‌లని ఊర్లు తిరుగుతాంటారు. మీరు కొంచెం కనిపెట్టుకోని ఉండండి, అంతే."

సాయంత్రం ఇంట్లో చెబితే మా ఆయన హయగ్రీవ పేపరు దించి నా వైపు చూశారు. "బలే పని ఇచ్చినాడు నీకు" అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆయన దృష్టిలో నేను అనుమానం మనిషిని. కాను. జాగ్రత్త మనిషిని. రెండింటికీ తేడా తెలియనివాళ్లకు ఏం చెబుతాం?

నవంబరు 23

గ్రౌండుకు వెళ్లాను. రోడ్డు మీద యార్డుకు పోయే పత్తి లారీలు, కంచె నిండా దూది. కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

శశికాంత్ ఎమ్మిగనూరు అబ్బాయి. కాంట్రాక్టు మీద చేరాడు. "నమస్కారం మేడం, మీరు రావడం మా అదృష్టం" అన్నాడు. అంత వినయం దేనికో.

ఆటలో అంతా ఒక పిల్ల చేతిలోనే ఉంటుందని కాసేపటికే అర్థమైంది. మధ్యలో మట్టిదిబ్బ మీద నిలబడి బంతి విసిరే పిల్ల. పేరు హులిగెమ్మ. ఊరు ఆస్పరి దగ్గర. నా క్లాసులోనే రెండో సంవత్సరం. క్లాసులో నోరు తెరవని పిల్ల, ఇక్కడ చెయ్యి వెనక్కి తీసి విసిరితే బంతి క్యాచర్ నందిని గ్లవ్‌లో టపాసులా పేలుతోంది. బ్యాట్ పట్టుకున్నవాళ్లు కళ్లు మూసుకుంటున్నారు.

మధ్య మధ్యలో శశికాంత్ దిబ్బ దగ్గరకు పోయి ఆ పిల్లతో మాట్లాడి వస్తున్నాడు. మాట్లాడేటప్పుడు ఇద్దరూ గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు.

"ఎందుకయ్యా అట్ల?" అని అడిగాను.

"పెదవులు చూసి అవతలి జట్టు కనుక్కుంటుంది మేడం. ఈ ఆటలో అలవాటు."

ఆదోనిలో పెదవులు చదివేవాళ్లు ఎవరున్నారో నాకు తెలియదు. పైగా నందిని మోకాళ్ల మధ్య వేళ్లు ఆడిస్తూ హులిగెమ్మకు సైగలు చేస్తుంటుంది. ఇంత గుట్టు ఉన్న ఆటను నేను చూడలేదు.

నవంబరు 30

ప్రాక్టీసు అయ్యాక అందరూ హాస్టల్‌కు పోయారు. హులిగెమ్మ పోలేదు. శశికాంత్ కూడా పోలేదు.

డిసెంబరు 4

మొదటి మ్యాచ్ గెలిచాం. డోన్ జట్టు ఒక్కసారి కూడా చుట్టు తిరిగి రాలేకపోయింది. అయితే రెండు ఇన్నింగ్స్ కాగానే శశికాంత్ హులిగెమ్మను దించేసి ఇంకో పిల్లను దిబ్బ ఎక్కించాడు. గెలుస్తూ ఉండగా ఎవరైనా దించుతారా? హులిగెమ్మ బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. అతను పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. వేసి, మెల్లగా నొక్కాడు. నేను దగ్గేదాకా తియ్యలేదు.

ఇంట్లో చెప్పాను.

"ఏడుస్తున్న పిల్లను ఓదార్చినాడేమో" అన్నారు హయగ్రీవ.

"ఓదార్చడానికి నోరు లేదా?"

"నీతో మాట్లాడలేనే" అని లేచి పోయారు. ఈయనెందుకు అతన్ని వెనకేసుకొస్తున్నారు?

డిసెంబరు 11

పెద్దమ్మ మనవడి ఉపనయనానికి ఎమ్మిగనూరు వెళ్లాను. తిరిగి బస్టాండుకు నడుస్తుంటే నా పక్క నుంచే శశికాంత్ బండి పోయింది. వెనక హులిగెమ్మ. ముఖానికి చున్నీ చుట్టుకుంది కానీ ఆ నిటారు నడుం నాకు తెలియనిదా? మగ్గాల సందులోకి తిరిగారు. నేను సందు మొగదల నిలబడ్డాను. మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు బస్సులు వదిలేశాను. వాళ్లు బయటికి రాలేదు.

డిసెంబరు 12

"నిన్న యాడికి పోయినావు హులిగెమ్మా?"

"ఊరికి మేడం. ఆస్పరికి."

"ఎవరితో?"

"బస్సులో పోయినా మేడం." నేల చూపులు.

తర్వాత శశికాంత్‌ను అడిగాను. ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, "ఆదోనిలోనే ఉన్నాను మేడం, రూములో" అన్నాడు. కళ్లారా చూసినదాన్ని, నాకు తెలియదా?

ఇద్దరూ అబద్ధమే. ఇంక నేను అడగవలసింది ఏముంది?

డిసెంబరు 15

ఆ పిల్ల క్లాసులో నోట్సు రాయడం మానేసింది. కలం పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. ఈ వయసులో ఆ చూపు దేనికో తెలియనంత అమాయకురాలిని కాను. ఇవాళ జడ కూడా నందినే వేసింది. నందినికి అన్నీ తెలుసు.

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. నేను ఎవరి మీదా నింద వేయలేదు. చూసింది చెప్పాను. బండి, చున్నీ, సందు, రెండు అబద్ధాలు. అంతే. మిగిలింది ఆయనే అనుకున్నారు.

డిసెంబరు 17

హులిగెమ్మ నాన్న మారెప్పను పిలిపించారు. స్టాఫ్‌రూమ్ బయట తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కందిచేను కోత ఇడిసిపెట్టి వచ్చినానమ్మా. మా పాప ఏం తప్పు జేసింది?"

"తప్పని కాదప్పా. ఆడపిల్ల కదా. జాగ్రత్త కోసం."

"దేనికి జాగ్రత్త? ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?"

ప్రిన్సిపాల్ గారే సర్దిచెప్పారు. "ఏంలేదు మారెప్పా, పీడీని మారుస్తాన్నాం. నీ కూతురు ఆడతాది. కప్పు తెస్తాది. నువ్వేం దిగులు పడాకు." ఆయనకు కప్పు కావాలి. పరువూ కావాలి.

మారెప్ప గ్రౌండు దాకా పోయి, కూతురుతో కాసేపు మాట్లాడి, ఏమీ అర్థంకాని మొహంతో ఆస్పరి బస్సెక్కాడు.

శశికాంత్‌ను రేపటినుంచి రావద్దన్నారు. వెళ్లిపోతూ నా దగ్గరకు వచ్చాడు. గొడవ పడతాడనుకున్నాను.

"ఆ సందులోకి వచ్చి తలుపు తట్టి ఉండాల్సింది మేడం. నేనూ మీతో నిజం చెప్పి ఉండాల్సింది. సరే. ఒక్క మాట. కొత్తగా వచ్చే నరసప్ప సారుతో చెప్పండి, హులిగెమ్మతో ఎక్కువ వేయించొద్దని. రెండు ఇన్నింగ్స్, అంతే. నేను చెబితే ఆయన వినడు. మా ఇద్దరికీ పడదు."

పోతూ పోతూ కూడా ఆ పిల్ల ధ్యాసే. ఇతని కబుర్లు నేను మోయాలా?

డిసెంబరు 19

చెప్పలేదు.

డిసెంబరు 28

నరసప్ప గారు పాతకాలపు కబడ్డీ మనిషి. నోటికి గ్లవ్‌లు అడ్డం పెట్టుకోవడాలు, గుసగుసలు లేవు. "ఎవురు బాగ ఏస్తే వాళ్లే ఏయాల. ఇంగొకరెందుకు?" అంటారు. కర్నూలు జట్టు మీద హులిగెమ్మతో మొదటి నుంచి చివరి దాకా వేయించారు. గెలిచాం. ప్రిన్సిపాల్ గారు నాకు ఫోన్ చేసి, "అంతా మీ చలవే మేడం" అన్నారు. ఎంత ప్రశాంతంగా ఉందో.

పొద్దున టిఫిన్లప్పుడు హులిగెమ్మ ఎడమచేత్తో స్పూను పట్టుకుని ఉగ్గాని తింటోంది. ఎవరిని చూసి నేర్చుకుందో ఈ ఫ్యాషను. "కుడిచేత్తో తినలేవా?" అంటే పిల్లలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నందిని మాత్రం నన్నే చూసింది.

జనవరి 5

సెమీఫైనల్. గెలిచాం. కానీ ఇవాళ హులిగెమ్మ బంతులు దారి తప్పాయి. ఒకటి బ్యాట్ పట్టుకున్న పిల్ల డొక్కలో తగిలింది. ఇంకొకటి నందిని తల మీదుగా పోయింది. బస్సులో పక్కన కూర్చుంటే పిల్ల ఒంటినుంచి ఘాటుగా ఏదో తైలం వాసన. అటు తిరిగి ఏడుస్తోంది.

"ఏమైంది?"

"ఏంల్యా మేడం."

అతను గుర్తొచ్చి ఏడుస్తోందా? ఇంకా కలుస్తున్నారా?

జనవరి 8

చీర కొనాలని ఇంట్లో చెప్పి ఎమ్మిగనూరు వెళ్లాను. నేను చూసింది నిజమేనని రూఢి చేసుకోకపోతే నాకు మనసు కుదుటపడేలా లేదు.

అదే సందు. మగ్గాల ఇళ్లు దాటాక చివర ఒక ఇల్లు, ముందుగదికి అద్దాల తలుపు. లోపల ఒక ముసలాయన గోడకు కట్టిన రబ్బరు తాడును లాగి వదులుతున్నాడు. నా వయసు కంటే కాస్త చిన్నావిడ ఆయన మోచెయ్యి పట్టుకుని సరిచేస్తోంది. గోడ మీద ఫిజియోథెరపీ బోర్డు, కింద జయశ్రీ అని పేరు.

"కూర్చోండమ్మా. ఎక్కడ నొప్పి?"

"నాకు కాదు. హులిగెమ్మ అని ఒక అమ్మాయి..."

ఆమె మొహం వికసించింది. "వాళ్ల కాలేజీ మేడమా? ఎట్లుంది పిల్ల? నెల కావస్తాంది రాక. శశి ఉద్యోగం పోయిందని తెలుసు గానీ, పిల్ల రాకపోతే ఆట మానేసింది, మంచిదే అనుకున్నా."

"శశికాంత్ మీకు..."

"మా తమ్ముడు."

ఆమె కుర్చీ జరిపింది. తానే చెప్పుకుపోయింది. దసరా నుంచే హులిగెమ్మ భుజం లోపల కండ చిరిగి ఉందట. ఈమె పూర్తిగా మానేయమంది. పిల్ల కాళ్లావేళ్లా పడింది. ఈ ఒక్క సీజన్ అయితే యూనివర్సిటీ జట్టులోకి ఎంపిక చేస్తారు, దెబ్బ ఉందని తెలిస్తే పేరు కూడా రాయరు, ఎవరికీ చెప్పొద్దని తమ్ముడితో ఒట్టు వేయించుకుంది. ఆఖరికి రెండు ఇన్నింగ్స్‌తో ఆపేలా, వారం వారం ఇక్కడికి వచ్చేలా ఒప్పుకున్నారు.

"వాడు చెప్పింటే బాగుండు. నేనూ తిట్టినా. పిల్ల ఏడిస్తే వానికి చేతకాదు. ఇప్పుడు ఎన్ని వేస్తాంది?"

"మొత్తం" అన్నాను.

"మొత్తం అంటే?"

"మ్యాచ్ మొత్తం."

ముసలాయన రబ్బరు తాడు వదిలేసి మా ఇద్దరినీ చూస్తున్నాడు.

"ఓ. ఆ మేడం మీరేనా?" అంది జయశ్రీ.

జనవరి 9

నేను అడగలేదా? అడిగాను. అబద్ధం చెప్పింది వాళ్లు. నిజం చెప్పి ఉంటే ఇదంతా జరిగేదా?

నరసప్ప గారికి అప్పుడే చెప్పి ఉన్నా వినేవారు కాదు. కచ్చితంగా వినేవారు కాదు. ఇవాళ చెప్పాను కదా, నవ్వేశారు. "ఆటన్న్యాక నొప్పులుండవా మేడం? నా మోకాలు సూడండి." చూశావా. అప్పుడైనా ఇంతే.

అప్పుడు ఫైనల్ ముంగిట లేదు. అప్పుడు ఆయన కొత్త. ఏది చెప్పినా తల ఊపేవారు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరకు పోయాను.

"పోయిన నెల ఒకటి చెబితిరి. పీడీని తీసేస్తిమి. ఇప్పుడు ఇంకోటి చెబుతాండారు. మేం దేన్ని నమ్మల్ల?"

"అప్పుడు నేను..."

"మీకు అనుమానాలు ఎక్కువ మేడం. ఏమనుకోవద్దు. ఫైనల్ కానీండి, చూద్దాం."

మధ్యాహ్నం హులిగెమ్మను ఖాళీ క్లాసులోకి పిలిచాను. "చెయ్యి పైకెత్తు" అన్నాను. ఎత్తింది. చెవి దాకా. నవ్వుతూనే ఉంది, పై పెదవి మీద చెమట పోసింది.

"జయశ్రీ దగ్గరికి పోయి వచ్చినాను."

చెయ్యి దించేసింది. "ఈ ఒక్క ఆట మేడం. సెలెక్షన్ సార్లు వస్తాండారు. తర్వాత మీరు యాడికి రమ్మంటే ఆడికి వస్తా."

"ఆ చెయ్యి మళ్లీ రాకపోతే?"

"రాకపోతే మా నాయినతో కందులు కోసుకుంటా. మీకేం?"

కందులు కోయడానికి కూడా చెయ్యి కావాలని అనలేకపోయాను. అన్నాళ్లు క్లాసులో కలం ఎందుకు కదలలేదో, ఎడమచేత్తో ఎందుకు తిన్నదో, జడ ఎవరు ఎందుకు వేశారో, ఇప్పుడు వరసపెట్టి గుర్తొస్తున్నాయి. అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. నేను ఆ పిల్ల కళ్లు ఎటు చూస్తున్నాయో మాత్రమే చూశాను.

జనవరి 11

ఎమ్మిగనూరు గ్రౌండులోనే ఫైనల్. వాళ్ల జట్టుతోనే. ఊళ్లో జాతర రోజులు. గ్రౌండు చుట్టూ జనం, బూరలు, పిల్లలు.

మొదటి ఇన్నింగ్స్ పిల్ల బాగా వేసింది. రెండోదీ వేసింది. నరసప్ప గారి దగ్గరకు పోయి, "ఇంక దించండి" అన్నాను. ఆయన నా వైపు తిరగనైనా లేదు. మూడోదానిలో ప్రతి బంతి తర్వాత ఆ చెయ్యి కింద వేలాడుతోంది. నందిని తిరిగి విసిరిన బంతిని గ్లవ్‌తో అందుకుని, కుడిచేతిలో పెట్టుకోవడానికి తంటాలు పడుతోంది. జనం ఈలలు వేస్తున్నారు. సెలెక్షన్‌కు వచ్చినవాళ్లు టెంటు కింద టీ తాగుతున్నారు.

తాడు అవతల శశికాంత్ కనిపించాడు. అక్కతో వచ్చాడు. నేనే వెళ్లాను.

"ఎట్లుంది?" అని అడిగాను. ఏం అడుగుతున్నానో నాకే తెలియలేదు.

"విసరడం లేదు మేడం. ఒంటితో తోస్తాంది. నన్ను లోపలికి రానియ్యరు. మీరు పోవచ్చు. మీరు ఇన్‌ఛార్జి."

చెప్పులు కాళ్లకుండగానే లోపలికి నడిచాను. అంపైరు, "మేడం! మేడం! యాడికి?" అని అరుస్తున్నాడు. నరసప్ప గారు లేచి నిలబడ్డారు. జనం నవ్వారు. ఆ దిబ్బ దూరం నుంచి చూస్తే ఎత్తుగా ఉంటుంది కానీ, పక్కన నిలబడితే ఏమీ ఉండదు. ఇసుక, మట్టి.

"బంతి ఇయ్యి."

"ఇయ్యను. మా సారును పంపిస్తిరి. ఇప్పుడు నన్ను గూడ పంపిస్తారా?"

"అవును. ఇయ్యి."

"మీకు నేనేం జేసినా మేడం?"

చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను. అంతలో నందిని ముఖానికున్న జాలీ తీసేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చూడలేదు. హులిగెమ్మ వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి బంతి తీసుకుంది. "సాలు హులిగీ" అంది. "నీ బంతి నాకు తెలీదా? మూడు మ్యాచ్‌లనుంచి నాకు తెలుసు. సాలు." హులిగెమ్మ ఆమె భుజం మీద వాలిపోయింది.

ఓడిపోయాం. వేరే పిల్ల వేస్తే వాళ్లు దంచి పారేశారు. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

జనవరి 12

యూనివర్సిటీ జట్టుకు నందినిని తీసుకున్నారు. హులిగెమ్మను తీసుకోలేదు.

జనవరి 17

స్టాఫ్ మీటింగులో లేచి చెప్పాను. శశికాంత్ విషయంలో నేను అనుకున్నది తప్పు, అతన్ని తిరిగి తీసుకోండి అని.

"ఎవురూ ఏమీ అనలేదు కదా మేడం. కాంట్రాక్టు అయిపోయింది, పోయినాడు. ఇప్పుడు ఎందుకు పైకి తెస్తారు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఊరందరికీ తెలుసు. బయటికి వస్తుంటే చరిత్ర చెప్పే ఆవిడ నా చెవిలో, "నిజం చెప్పండి, ఏమీ లేకుండానే తీసేసినారా?" అంది. ఏమీ లేదని చెప్పాను. నమ్మలేదు. ఆమె మొహంలో ఆ చూపు నాకు బాగా తెలిసినదే.

ఇంటికి వచ్చి ఏడ్చాను. హయగ్రీవ ఏమీ అడగలేదు. కాఫీ కలిపి ఇచ్చారు.

జనవరి 22

స్కాన్‌కు కర్నూలు తీసుకుపోవాలి. మారెప్ప ఫోన్ చేశాడు. "నాకు ఆ పెద్దాస్పత్రిలో యాడికి పోవల్లో తెల్దమ్మా. మీరు తోడొస్తారా?" అన్నాడు. ఎవరి వల్ల ఏం జరిగిందో అతనికి కూతురు చెప్పిందో లేదో నాకు తెలియదు. వస్తానన్నాను.

జనవరి 24

పొద్దున బస్సు. మారెప్ప ముందు సీట్లో. హులిగెమ్మ కిటికీ పక్కన, నేను తన పక్కన. చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు ఎడమచేత్తో ఫోన్ తీసింది. నంబరు నొక్కుతూ నా వైపు చూసింది. చూస్తున్నానని తెలుసు.

ఫోన్ నా ఒళ్లో పెట్టింది.

"శశి సారుకే మేడం. డాక్టరు దగ్గరికి పోతాండామని సెప్పాల. మీకు అనుమానముంటే మీరే స్పీకర్లో పెట్టండి."

కోపంగా అనలేదు. అదే పెద్ద కష్టం. కండక్టరు చిల్లర ఇచ్చినంత మామూలుగా అంది.

ఫోన్ తిరిగి చేతిలో పెట్టి లేచాను. వెనక సీట్లు ఖాళీగా ఉన్నాయి. చివరి సీటుకు ముందు వరసలో కూర్చున్నాను. బస్సు కదిలింది. ఆ పిల్ల మాట్లాడుతోంది, తల కిటికీకి ఆనించి. ఊరు దాటేదాకా నా చెవులు అటే ఉన్నాయి, ఒప్పుకుంటాను. ఇంజిను మోతలో ఒక్క ముక్కా వినపడలేదు.

డాక్టరు ఆపరేషను అవసరం రాకపోవచ్చన్నాడు. నెలల తరబడి ఎత్తకూడదు, విసరకూడదు. మళ్లీ ఆడుతుందా అని మారెప్ప అడిగితే, ముందు జడ వేసుకోనిద్దాం అన్నాడు.

పొద్దున బస్సులో ఒకసారి ఆ పిల్ల నవ్వింది. ఫోన్లో అతను ఏదో అంటే గట్టిగా నవ్వేసింది. ఈ సీజన్ అంతటిలో నేను విన్న మొదటి నవ్వు. దేనికి నవ్విందో నాకు తెలియదు. తిరుగు ప్రయాణంలో నా పక్కనే కూర్చుంది. ఆదోని వచ్చేదాకా సమయం ఉంది.

అడగలేదు.